ఎం.ఆర్.ఐ. బొమ్మలో దొంగగుర్తులు

ఒక మనిషి తలను పక్క నుంచి తీసిన ఎం.ఆర్.ఐ. బొమ్మ అది. నుదురు, నాలుక, మెదడు మడతలు, మెడ ఎముకలు అన్నీ చక్కగా ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్క ముక్కు మాత్రం ఉండవలసిన చోట లేదు. ముఖం ముందు భాగం తెగ్గోసినట్లు ఆగిపోయింది. మరి ముక్కు ఎక్కడికి పోయింది? తల వెనకవైపు చూడండి. అక్కడ, పుర్రె మీదికి ఎక్కి కూర్చుంది!

ఆ మనిషికి వచ్చిన రోగమేమీ లేదు. లేచి అద్దంలో చూసుకుంటే ముక్కు ముఖం మీదే ఉంటుంది. యంత్రమూ చెడిపోలేదు. మరి బొమ్మ ఇలా ఎందుకు వచ్చింది?

ముక్కు సంగతి కాబట్టి చూసి నవ్వి ఊరుకుంటాం. కాని కాలేయం బొమ్మలో ఒక గుండ్రని మచ్చ కనిపించిందనుకోండి. వెన్నుపాము మధ్యలో ఒక సన్నని గీత కనిపించిందనుకోండి. అప్పుడు నవ్వలేం. అది నిజమైన గడ్డా? లేక ముక్కులాగా చోటు తప్పి వచ్చిన నీడా? నీడను గడ్డ అనుకుంటే లేని రోగానికి మందులూ, కోతలూ తప్పవు. గడ్డను నీడ అనుకుంటే ఉన్న రోగం లోలోపల ముదిరిపోతుంది. రెండూ ప్రమాదమే.

శరీరంలో లేకుండా బొమ్మలో మాత్రమే కనిపించే ఇలాంటి వాటిని డాక్టర్లు ‘ఆర్టిఫాక్ట్’లు అంటారు. మనం వాటిని దొంగగుర్తులు అని పిలుచుకుందాం. ఈ దొంగలు ఎలా పుడతారో, వారిని పట్టుకునే ఉపాయం ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. దానికి ముందు యంత్రం సంగతి కొంచెం తెలియాలి.

ఫోటో కాదు, లెక్క

ఎక్స్-రే బొమ్మ ఒక విధమైన నీడ. ఒకవైపు నుంచి కిరణాలు పంపితే రెండోవైపు ఎముకల నీడ పడుతుంది. ఎం.ఆర్.ఐ. అలా కాదు. అందులో నీడ పడదు, ఫోటో తీసే కటకమూ లేదు. యంత్రం కొన్ని వేల కొలతలు తీసుకుని, లెక్క కట్టి బొమ్మ గీస్తుంది.

ఏమిటా కొలతలు? పెద్దవారి శరీరం బరువులో దాదాపు 60 శాతం నీరే. నీటిలో హైడ్రోజన్ ఉంది. హైడ్రోజన్ పరమాణువు కేంద్రకం ఒకే ఒక ప్రోటాన్. ఈ ప్రోటాన్ ఒక బుల్లి అయస్కాంతంలాంటిది. దానిని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, పడబోయే బొంగరం తల తిప్పినట్లు తిరుగుతుంది. ఎంత వేగంగా? క్షేత్రం బలం 1 టెస్లా అయితే సెకనుకు 4 కోట్ల 26 లక్షల సార్లు. ఆసుపత్రులలో సాధారణంగా కనిపించే యంత్రం బలం 1.5 టెస్లా. ఇది భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30,000 రెట్లు. అందులో ప్రోటాన్ బొంగరాలు సెకనుకు 6 కోట్ల 40 లక్షల సార్లు, అంటే 64 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో తిరుగుతాయి. ఇది రేడియో తరంగాల పౌనఃపున్యమే. అదే పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని పంపితే ప్రోటాన్లు దాని శక్తిని గ్రహిస్తాయి. ఊయలను దాని లయకు సరిగ్గా తోస్తే పైపైకి లేచినట్లన్న మాట. దీనినే అనునాదం అంటాం. తరంగం ఆపగానే ప్రోటాన్లు తిరిగి సన్నని రేడియో సంకేతం పంపుతాయి. యంత్రంలోని తీగచుట్ట ఆ సంకేతాన్ని వింటుంది. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనే శాస్త్రజ్ఞులు విడివిడిగా ఈ సంగతి కనిపెట్టి, 1952లో నోబెల్ బహుమానం పంచుకున్నారు.

కాని ఒళ్ళంతా ఒకేసారి సంకేతం పంపితే ఏది మెదడుదో, ఏది ముక్కుదో తెలిసేదెలా? అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ లాటర్‌బర్ దీనికి ఉపాయం చెప్పాడు. అయస్కాంత క్షేత్రాన్ని అంతటా సమానంగా కాక, ఒకవైపు కొంచెం తక్కువగా, మరొకవైపు కొంచెం ఎక్కువగా, ఏటవాలుగా ఉంచాలి. అప్పుడు ఎడమవైపు ప్రోటాన్లు కొంచెం మెల్లగా, కుడివైపువి కొంచెం వడిగా తిరుగుతాయి. హార్మోనియం మెట్లలో ఎడమవైపు మంద్రస్వరం, కుడివైపు తారస్వరం పలికినట్లు. స్వరం వింటే మెట్టు ఎక్కడుందో తెలిసిపోతుంది కదూ! అలాగే పౌనఃపున్యాన్ని బట్టి చోటు తెలుస్తుంది. 1973లో ఆయన ఈ పద్ధతిలో భారజలంలో ఉంచిన రెండు సన్నని నీటి గొట్టాల బొమ్మను తీసి చూపించాడు. ఆయనకూ, ఈ పద్ధతిని వేగవంతం చేసిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇది ఒక దిక్కు సంగతి. మరి పైన, కింద ఎలా తెలుస్తుంది? సంకేతం వినబోయే ముందు ఒక్క క్షణం రెండో దిక్కున కూడా క్షేత్రాన్ని ఏటవాలుగా చేసి తీసేస్తారు. ఆ క్షణంలో పైవరుస బొంగరాలు కింది వరుసలకంటే కాస్త ముందుకు తిరిగిపోతాయి. ఈ తేడాను దశ అంటారు. ఒక్కసారి కొలిస్తే వరుసలన్నీ విడిపడవు. అందువల్ల ప్రతిసారీ ఏటవాలును కొంచెం మార్చి, 256 సార్లు కొలుస్తారు. అన్నిటినీ కలిపి, ఫ్రాన్సు గణితశాస్త్రజ్ఞుడు ఫోరియర్ చూపిన దారిలో కంప్యూటరు లెక్క కట్టి బొమ్మ గీస్తుంది.

కాబట్టి బొమ్మలో రెండు దిక్కులు ఒకటి కాదని గుర్తుంచుకోండి. ఒకటి పౌనఃపున్యపు దిక్కు. రెండోది దశ దిక్కు. దొంగను పట్టడంలో ఇది మనకు ఎంతో పనికి వస్తుంది.

ఈ లెక్క సరిగ్గా రావాలంటే యంత్రం కొన్ని సంగతులను ముందే నమ్మాలి. మనిషి కదలడు. బొమ్మ హద్దుకు వెలుపల ఏమీ లేదు. ప్రోటాన్లన్నీ ఒకే తీరున తిరుగుతాయి. అయస్కాంత క్షేత్రం చక్కగా ఉంది. బయటి రేడియో ఏదీ లోపలికి రాదు. ఈ నమ్మకాలలో ఏది తప్పినా ఒక దొంగగుర్తు పుడుతుంది. ఒక్కొక్కటే చూద్దాం.

కదిలితే దయ్యాలు

బడిలో గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఒకడు తల తిప్పితే వాడి ముఖం ఒక్కటే మసకబారుతుంది. ఎం.ఆర్.ఐ.లో అలా కాదు. కదిలిన భాగం అక్కడ మసకబారడమే కాక, బొమ్మ పొడుగునా వరుసగా నకళ్ళు వేస్తుంది. వీటికి డాక్టర్లు పెట్టిన పేరే ‘దయ్యాలు’!

ఎందుకలా? ఒక్కొక్క కొలతకూ మధ్య అర సెకను పడుతుందనుకోండి. 256 కొలతలకు 128 సెకన్లు, అంటే రెండు నిమిషాల పైన. ఈ లోపల మనిషి 30 సార్లయినా ఊపిరి పీల్చి వదులుతాడు. గుండె 150 సార్లు కొట్టుకుంటుంది. ప్రతి కొలతలోనూ పొట్టగోడ ఒక్కొక్క చోట ఉంటుంది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. వచ్చిన తేడాను కూడా దశలోని తేడాగానే లెక్కించి, పొట్టగోడను ఉన్న చోట ఒకటి, లేని చోట నాలుగు గీస్తుంది. ఊపిరి లయగా సాగుతుంది కనుక దయ్యాలు కూడా సమాన దూరాలలో నిలబడతాయి.

ఇందులో ఒక చిత్రం ఉంది. పొట్ట ఏ దిక్కున కదిలినా దయ్యాలు మాత్రం దశ దిక్కునే వస్తాయి! పౌనఃపున్యపు దిక్కున ఒక కొలత కొద్ది మిల్లీసెకన్లలో పూర్తి అవుతుంది. అంతలో మనిషి ఎంత కదలగలడు? దశ దిక్కున కొలతలు రెండు నిమిషాలపాటు సాగుతాయి. కదలిక దొరికిపోయేది అక్కడే.

వెన్నెముక ముందు బృహద్ధమని అనే పెద్ద రక్తనాళం ఉంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో రక్తం ఎగదన్నుకుని పారుతుంది. దాని దయ్యం ఒక్కొక్కసారి కాలేయం మీద పడి, గుండ్రని గడ్డలా కనిపిస్తుంది. మనం మొదట చెప్పుకున్న కాలేయపు మచ్చ ఇలా వచ్చేదే.

నివారణ ఏమిటి? మొదటిది, మీ చేతిలోదే: కదలకుండా పడుకోవడం. తల కదలకుండా పక్కల మెత్తలు పెడతారు. పొట్ట బొమ్మకయితే వేగంగా కొలిచే పద్ధతి వాడి, “ఊపిరి బిగపట్టండి” అంటారు. అలా బిగపట్టలేని వారికి ఛాతీ చుట్టూ పట్టీ కట్టి, ఊపిరి వదిలిన ప్రతిసారీ మాత్రమే కొలుస్తారు. గుండె బొమ్మకయితే గుండె విద్యుత్ సంకేతాన్ని చూసుకుంటూ, ప్రతి కొట్టుకోవడంలోనూ అదే ఘడియకు కొలుస్తారు. దీనివల్ల దయ్యాలు పోతాయి, కాని పరీక్షకు పట్టే సమయం పెరుగుతుంది.

1999లో జేమ్స్ పైప్ అనే శాస్త్రజ్ఞుడు మరొక ఉపాయం చేశాడు. కొలతలను వరుసగా కాక, గాలిమర రెక్కల్లా, మధ్య బిందువు గుండా పోయే పట్టీలుగా తీసుకోవడం ఆ ఉపాయం. ప్రతి రెక్కలోనూ మధ్య భాగం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక రెక్కను మరొక రెక్కతో పోల్చి, ఈ మధ్యలో తల ఎంత కదిలిందో కంప్యూటరే కనిపెట్టి సరిదిద్దుతుంది. కుదురుగా ఉండలేని పసిపిల్లలకూ, వణుకుడు రోగులకూ ఇది ఎంతో మేలు.

గడియారంలో పదమూడు గంటలు

ఇక ముక్కు సంగతి. రైల్వే టైములో 13 గంటలకు బండి అంటే మన గోడగడియారంలో ముల్లు ఎక్కడ ఉంటుంది? 1 దగ్గర. గడియారానికి 12 అంకెలే ఉన్నాయి. 12 దాటినదేదయినా మళ్ళీ మొదటికి రావలసిందే.

దశ కూడా అంతే. అది ఒక చుట్టు, 360 డిగ్రీలు. బొమ్మ ఈ హద్దు నుంచి ఆ హద్దు వరకు ఒక చుట్టు సరిపోయేలా కొలతలు అమర్చుతారు. తల వెనకవైపు హద్దు 0 డిగ్రీలు, ముఖం వైపు హద్దు 360 డిగ్రీలు అనుకుందాం. బొమ్మను మరీ చిన్న హద్దులో తీస్తే ముక్కు హద్దు దాటి 370 డిగ్రీల చోట ఉంటుంది. యంత్రానికి 370కీ 10కీ తేడా తెలియదు. అందుకని ముక్కును తీసుకుపోయి 10 డిగ్రీల చోట, తల వెనక అతికిస్తుంది. యంత్రం అబద్ధమాడలేదు. తనకు తెలిసిన లెక్క ప్రకారం న్యాయమే చేసింది!

సినిమాలో గుర్రపుబండి ముందుకు పోతుంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్లు చూసే ఉంటారు. సెకనుకు 24 బొమ్మలు మాత్రమే తీస్తారు కనుక, ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ మధ్య చక్రం ఎంత తిరిగిందో సరిగా తెలియక కన్ను మోసపోతుంది. ఇదీ అదే జాతి దొంగ.

దీనికి మందు సులభం. ముక్కు కూడా లోపల పడేలా హద్దు పెంచడం ఒకటి. అయితే అన్నే గడులలో పెద్ద బొమ్మ పట్టాలంటే ఒక్కొక్క గడి పెద్దదవుతుంది, సన్నని వివరం పోతుంది. కొలతలు రెట్టింపు చేసి, అక్కరలేని అంచులను కత్తిరించి పారేయడం రెండో ఉపాయం. దీనికి సమయం ఎక్కువ కావాలి. దశ దిక్కును పొడుగు వైపు నుంచి పొట్టి వైపుకు మార్చడం మూడో ఉపాయం.

కొవ్వు పక్కకు జరిగింది

నీటిలోనే కాదు, కొవ్వులో కూడా హైడ్రోజన్ ఉంది. అయితే కొవ్వు అణువులో ప్రోటాన్ చుట్టూ ఎలక్ట్రాన్లు కొంచెం దట్టంగా ఉంటాయి. అవి గొడుగు పట్టినట్లు అయస్కాంత క్షేత్రాన్ని కాస్త అడ్డుకుంటాయి. అందువల్ల కొవ్వు ప్రోటాన్లు నీటి ప్రోటాన్లకంటే మెల్లగా తిరుగుతాయి. తేడా పది లక్షలకు మూడున్నర వంతు. అంతేనా అనకండి. 1.5 టెస్లా యంత్రంలో అది సెకనుకు దాదాపు 220 చుట్లు.

పౌనఃపున్యాన్ని బట్టి చోటు నిర్ణయించే యంత్రం ఏమనుకుంటుంది? “ఇది మెల్లగా తిరుగుతోంది. కాబట్టి ఎడమవైపుది” అనుకుని కొవ్వును పక్కకు జరుపుతుంది. మూత్రపిండం చుట్టూ కొవ్వు ఉంటుంది. బొమ్మలో ఆ కొవ్వు ఒకవైపు మూత్రపిండం నుంచి దూరం జరిగి నల్లని సందు ఏర్పడుతుంది. రెండోవైపు మూత్రపిండం మీదికి ఎక్కి తెల్లని పట్టీ కడుతుంది. చూసేవారికి మూత్రపిండానికి ఒకవైపు మందమైన గోడ ఉన్నట్లు తోస్తుంది.

ఎంత జరుగుతుంది? లెక్క చేద్దాం. బొమ్మలో ఒక్కొక్క గడికి 110 హెర్ట్జ్ కేటాయిస్తే, 220ని 110తో భాగించగా రెండు గడులు జరుగుతుంది. గడికి 220 హెర్ట్జ్ కేటాయిస్తే ఒక్క గడే. మరి ఇంకా పెంచేస్తే సరిపోదా? కిటికీ పెద్దగా తెరిస్తే గాలితోబాటు దుమ్మూ ఎక్కువ వస్తుంది. ఇక్కడ ఆ దుమ్ము పేరు రొద. కేటాయింపు రెట్టింపు చేస్తే రొదతో పోల్చినప్పుడు సంకేతం బలం 100 నుంచి 71కి పడిపోతుంది. అందుకే కొందరు రోగులకు అసలు కొవ్వు సంకేతాన్నే ముందుగా అణచివేసి బొమ్మ తీస్తారు. మెల్లగా తిరగడం కొవ్వు గుర్తే కనుక, సరిగ్గా ఆ పౌనఃపున్యం గల రేడియో తరంగం పంపి దాని నోరు మూయిస్తారన్న మాట.

అంచున అలలు

ఫోరియర్ చెప్పినది ఇది: ఎలాంటి ఆకారాన్నయినా నున్నని తరంగాలను కలిపి కట్టవచ్చు. అయితే గోడలాగా నిట్టనిలువుగా లేచే అంచును కట్టాలంటే అనంతమైన తరంగాలు కావాలి. యంత్రం దగ్గర ఉన్నవి 256 మాత్రమే. మిగతావి లేకపోవడంతో అంచు పక్కన చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి, చెరువులో రాయి వేసినట్లు.

ఈ సంగతిని 1848లో ఇంగ్లండులో హెన్రీ విల్‌బ్రాహం గమనించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1899లో అమెరికా శాస్త్రజ్ఞుడు విలర్డ్ గిబ్స్ మళ్ళీ వివరించాడు. అంచు ఎత్తులో దాదాపు 9 శాతం పైకి పొంగుతుంది. ఎన్ని తరంగాలు కలిపినా ఆ 9 శాతం తగ్గదు! అల సన్నబడి అంచుకు దగ్గరగా జరుగుతుంది, అంతే.

వెన్నుపాము చుట్టూ నీటివంటి ద్రవం ఉంటుంది. బొమ్మలో ఒకటి తెల్లగా, మరొకటి నల్లగా కనిపించే పద్ధతిలో వాటి మధ్య అంచు గోడలా ఉంటుంది. ముందు అంచు అలలూ, వెనక అంచు అలలూ వచ్చి వెన్నుపాము మధ్యలో కలిస్తే అక్కడ ఒక నిలువు గీత పుడుతుంది. నిజంగానే వెన్నుపాము మధ్యలో ద్రవం నిండిన గొట్టంలా ఏర్పడే జబ్బు ఒకటుంది. దాని బొమ్మా ఇలాంటి గీతే! మరి ఏది నిజం? కొలతలు 128 నుంచి 256కు, అక్కడి నుంచి 512కు పెంచి చూస్తారు. దొంగగీత అయితే అలలు సన్నబడి అంచులకు జరుగుతాయి, మధ్య గీత చెదిరిపోతుంది. నిజమైన గొట్టం అయితే ఉన్న చోటనే ఉండి, ఇంకా స్పష్టమవుతుంది.

లోహం చేసే అల్లరి

పళ్ళకు ఉక్కుతీగ కట్టించుకున్న అమ్మాయి ముఖాన్ని బొమ్మ తీస్తే నోరు ఉండవలసిన చోట పెద్ద నల్లని గుహ కనిపిస్తుంది. గుహ అంచులు సాగి, వంకర తిరిగి ఉంటాయి. ఉక్కు తన చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చెడగొట్టింది. క్షేత్రం చెడితే పౌనఃపున్యం చెడింది. పౌనఃపున్యం చెడితే చోటు చెడింది. అక్కడి ప్రోటాన్ల లయ తప్పి సంకేతం కూడా ఒకదానినొకటి కొట్టేసుకుంది.

దీనికి 1950లో ఎర్విన్ హాన్ కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. బడి మైదానంలో పరుగుపందెం ఊహించుకోండి. అందరూ ఒకే గీత నుంచి బయలుదేరారు. కాసేపటికి వడిగలవాళ్ళు ముందు, మెల్లనివాళ్ళు వెనక పడి చెల్లాచెదరయ్యారు. అప్పుడు మాస్టారు ఈల వేసి “వెనక్కి తిరిగి పరుగెత్తండి!” అన్నాడు. ఎవరి వేగంతో వాళ్ళు తిరిగి వస్తే? అందరూ ఒకేసారి గీత దగ్గరికి చేరుతారు! చెదిరిన ప్రోటాన్లకు కూడా మరొక రేడియో తరంగంతో ఇలా ఈల వేయవచ్చు. లయ తప్పిన సంకేతం ప్రతిధ్వనిలాగా తిరిగి వస్తుంది. గుహ చాలావరకు కుదించుకుపోతుంది. బొమ్మ వంకర మాత్రం దీనితో పోదు. దానిని తగ్గించడానికి గడికి కేటాయించే హెర్ట్జులను పెంచుతారు. ఉక్కుకు బదులు టైటానియం వాడినా అల్లరి తక్కువే.

పరీక్షకు ముందు పిన్నులు, గొలుసులు, గడియారం, బెల్టు తీసివేయమనేది బొమ్మ కోసం మాత్రమే కాదు. ఆ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప వస్తువును తుపాకి గుండులా లాక్కుంటుంది. శరీరంలో గుండె యంత్రం గాని, ఏదయినా లోహపు ముక్క గాని ఉంటే ముందే చెప్పి తీరాలి.

ఈ దొంగ ఒక మేలు కూడా చేశాడు. ప్రాణవాయువును ఇచ్చేసిన రక్తం అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా చెడగొడుతుందని 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కొర్యెల్ కనిపెట్టారు. ప్రాణవాయువుతో నిండిన రక్తం అలా చేయదు. 1990లో సెయిజి ఒగావా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, ఎలుకల మెదడు బొమ్మలలో రక్తనాళాల చుట్టూ నల్లని గీతలు చూశాడు. ప్రాణవాయువు ఎక్కువ ఇస్తే ఆ గీతలు మాయమయ్యాయి. వేరొకరయితే “బొమ్మ చెడింది” అని పారేసేవారేమో. ఆయన మాత్రం, మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి కొత్త రక్తం పోతుంది కనుక, పనిచేసే మెదడును ఈ గీతల ద్వారానే చూడవచ్చని గ్రహించాడు. 1992 నాటికి మనుషులలో ఆ పని జరిగింది. మనం చదివేటప్పుడు, పాట వినేటప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో చూపించే ఎం.ఆర్.ఐ. బొమ్మలు చాలావరకు ఈ పద్ధతివే.

తలుపు సందులోంచి రేడియో

కొన్ని బొమ్మలలో ఒక చివర నుంచి ఇంకొక చివరికి చుక్కచుక్కలుగా తిన్నని గీత పడుతుంది. చొక్కా జిప్పులా ఉంటుంది కనుక దాని పేరే జిప్పు. ప్రోటాన్ల సంకేతం అతి బలహీనం. 1.5 టెస్లాలో ప్రతి పది లక్షల ప్రోటాన్లలో మనకు పనికివచ్చే మిగులు కేవలం అయిదు! గదిలో మినుకుమనే దీపమో, మరేదో పరికరమో అదే పౌనఃపున్యంలో కాస్త రొద చేస్తే చాలు, యంత్రం దానిని కూడా శరీరంలోనిదే అనుకుని ఆ చోట గీత గీస్తుంది.

అందుకే ఎం.ఆర్.ఐ. గది గోడలకు, పైకప్పుకు, నేలకు, కిటికీకి సైతం రాగిరేకు లేదా రాగివల పరుస్తారు. లోహపు పెట్టెలోకి బయటి విద్యుత్ ప్రభావం రాదని 1836లో మైకేల్ ఫారడే స్వయంగా అలాంటి పెట్టెలో కూర్చుని చూపించాడు. ఆ గది తలుపు కూడా పెట్టెలో భాగమే. అది సరిగా మూయకపోతే జిప్పు ప్రత్యక్షం. ఈ దొంగకు మందు చాలాసార్లు ఒక్కటే: తలుపు గట్టిగా మూయడం!

దొంగను పట్టే పరీక్ష

ఇన్ని దొంగలున్నప్పుడు డాక్టరు బొమ్మను ఎలా నమ్ముతారు? దీనికి ఒక పరీక్ష ఉంది. బొమ్మ తీసే పద్ధతిని కావాలని మార్చి మళ్ళీ చూడడమే ఆ పరీక్ష.

కాలేయంలో మచ్చ కనిపించింది. యంత్రంలో దశ దిక్కునూ పౌనఃపున్యపు దిక్కునూ తారుమారు చేసి మరొక బొమ్మ తీస్తారు. మచ్చ బృహద్ధమని దయ్యమే అయితే కాలేయం వదిలి వేరే దిక్కుకు పోతుంది. నిజమైన గడ్డ అయితే కదలదు. ఎందుకు కదులుతుంది? అది ఉన్నది శరీరంలో, లెక్కలో కాదు. కొవ్వు పట్టీ కూడా దిక్కు మారగానే చోటు మారుతుంది. అంచు అలలు కొలతలు పెంచితే సన్నబడతాయి. లోహపు గుహ పద్ధతి మార్చితే కుదించుకుపోతుంది.

మీ ప్రయోగశాలలో కూడా చేయవలసింది ఇదే. ఒక ఫలితం వచ్చినప్పుడు పరికరం మార్చి, పద్ధతి మార్చి, చోటు మార్చి మళ్ళీ చూడండి. అప్పుడు కూడా నిలబడినదే ప్రకృతి చెప్పిన మాట. మారిపోయినది పరికరం చెప్పిన మాట.

చేసి చూడండి

1. గ్రాఫు కాగితం మీద ఒక అంచును మీరే కట్టండి. ప్రతి కోణానికి సైన్ విలువ తీసుకోండి. దానికి మూడు రెట్ల కోణం సైన్‌లో మూడో వంతు, అయిదు రెట్ల కోణం సైన్‌లో అయిదో వంతు కలపండి. నున్నగా 0.785 దగ్గర నిలవవలసిన గీత, 30 డిగ్రీల దగ్గర 0.933కి లేస్తుంది, 60 దగ్గర 0.693కి పడుతుంది, 90 దగ్గర 0.867కి మళ్ళీ లేస్తుంది. ఇవే గిబ్స్ అలలు. ఏడో వంతు కూడా కలిపి ఏం జరుగుతుందో చూడండి.

2. సెల్‌ఫోనును సన్నని అల్యూమినియం రేకులో సందు లేకుండా రెండు మూడు పొరలు చుట్టి, మరొక ఫోను నుంచి పిలవండి. చాలాసార్లు మోగదు. రేకును కొంచెం కొంచెం విప్పుతూ, ఎంత సందు ఇస్తే మోగుతుందో కొలవండి.

3. తిరుగుతున్న సీలింగు ఫ్యానును సెల్‌ఫోను కెమెరాలో వీడియో తీయండి. ఫ్యాను వేగం మార్చుతూ, రెక్కలు ఆగినట్లు, వెనక్కి తిరిగినట్లు ఎప్పుడెప్పుడు కనిపిస్తాయో రాసుకోండి.

చివరగా ఒక ప్రశ్న. మోకాలి బొమ్మలో ఎముక అంచున ఒక నల్లని పట్టీ కనిపించింది. దిక్కులు తారుమారు చేసి మళ్ళీ తీస్తే ఆ పట్టీ ఎముక వేరే వైపుకు మారింది. అది ఏ దొంగ పని? ఎముక లోపలి మజ్జలో కొవ్వు ఎక్కువ ఉంటుందన్నది మీకు ఇస్తున్న ఆధారం. జవాబు వ్యాసంలోనే ఉంది.